కాలిఫోర్నియాలో గంటల లెక్కన పని చేస్తున్నారా? మీ లంచ్ బ్రేక్, టీ బ్రేక్ దక్కించుకోవడం ఎలా

బే ఏరియాలో ఒక ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో నేను పదకొండు నెలలు పనిచేశాను. డిపెండెంట్ వీసా మీద వచ్చి, రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాక ఈఏడీ కార్డు, అంటే పనిచేసుకోవడానికి అనుమతి కార్డు, వచ్చింది. ఆ తర్వాత దొరికిన మొదటి ఉద్యోగం అదే. ఓనరు మనవాడే, మా జిల్లా వాడే. నన్ను "అమ్మా" అనే పిలిచేవాడు, నేను "అన్నా" అనేదాన్ని. మధ్యాహ్నం స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాల పక్కన నిలబడి డబ్బా తెరిచేదాన్ని. నాలుగు ముద్దలు నోట్లో పడేసరికి బయట బెల్ మోగేది. ఎవరో ఒకావిడ "గోంగూర వచ్చిందా?" అంటూ కౌంటర్ దగ్గర నిలబడి ఉండేది. మూత పెట్టి పరుగు. పేస్టబ్‌లో, అంటే జీతం లెక్కల చీటీలో, మాత్రం రోజూ అరగంట లంచ్ కింద కట్ అయ్యేది.

ఆ అరగంట నాదేనని, నన్ను ప్రశాంతంగా తిననివ్వకపోతే ఆ రోజుకి ఇంకో గంట జీతం అదనంగా ఇవ్వాలని చట్టం ఉన్నట్టు నాకు తొమ్మిదో నెలలో తెలిసింది. తెలిశాక కూడా నోరు తెరిచి అడగడానికి ఇంకో నెల పట్టింది. అంతా మొహమాటం. ఉద్యోగం ఇచ్చినవాడు, పండక్కి స్వీట్ల డబ్బా ఇచ్చేవాడు, అరగంట కోసం గొడవేంటి అని. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ నెల రోజులే. నేను లాయర్‌ని కాను. నా గొడవ కోసం చదివి, తిరిగి, అడిగి తెలుసుకున్నది వరసగా చెబుతున్నాను. ఇదంతా కాలిఫోర్నియా సంగతి. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్నవాళ్ళు చివరి భాగం ముందు చదవండి.

మొదటి పని: ఈ చట్టం మీకు వర్తిస్తుందో లేదో తేల్చుకోండి

గంటకి ఇంత అని జీతం తీసుకునేవాళ్ళలో దాదాపు అందరికీ వర్తిస్తుంది. గ్రోసరీ స్టోర్, రెస్టారెంట్, మోటెల్, గ్యాస్ స్టేషన్, డేకేర్, ఫార్మసీ, గోడౌన్, ఎక్కడైనా సరే. పార్ట్ టైమ్ అయినా, చేతికి క్యాష్ ఇచ్చినా, ఫోన్‌లో డబ్బు పంపినా తేడా లేదు.

వర్తించనివాళ్ళు ఎగ్జెంప్ట్ ఉద్యోగులు, అంటే గంటల లెక్క లేకుండా ఫిక్స్‌డ్ జీతం మీద ఉండే మేనేజర్లు, ప్రొఫెషనల్స్ లాంటివాళ్ళు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఎక్కువ మంది అందులోకే వస్తారు. అయితే ఇక్కడ ఒక మోసం జరుగుతుంటుంది. కౌంటర్‌లో కూర్చునే అబ్బాయికి "స్టోర్ మేనేజర్" అని పేరు పెట్టి, నెలకింత అని ఫిక్స్ చేసి, నువ్వు ఎగ్జెంప్ట్ కాబట్టి బ్రేకులు లేవు అంటారు. పేరు పెడితే సరిపోదు. జీతం రాష్ట్ర కనీస వేతనానికి కనీసం రెండింతలు ఉండాలి. 2026లో కనీస వేతనం గంటకు 16.90 డాలర్లు కాబట్టి ఏడాదికి 70,304 డాలర్లకు తగ్గకూడదు. దానికి తోడు, పని సమయంలో సగానికి పైగా నిజంగా మేనేజర్ పనే చెయ్యాలి, సొంతంగా నిర్ణయాలు తీసుకునే అధికారం ఉండాలి. బస్తాలు మోస్తూ బిల్లులు కొట్టేవాడు మేనేజర్ కాడు.

1099 ఫారం ఇచ్చి "నువ్వు ఉద్యోగివి కాదు, కాంట్రాక్టర్‌వి" అనడం ఇంకో పద్ధతి. వాళ్ళు చెప్పిన టైముకి వచ్చి, వాళ్ళ షాపులో, వాళ్ళు చెప్పిన పని చేసేవాళ్ళు కాలిఫోర్నియాలో చాలావరకు ఉద్యోగులే. కాంట్రాక్టర్ అని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఓనరుదే.

స్టూడెంట్లకు ఒక మాట. ప్రభుత్వ యూనివర్సిటీ నేరుగా ఇచ్చిన ఉద్యోగమైతే ఈ బ్రేకుల రూల్స్ వర్తించవు, ఎందుకంటే రాష్ట్రానికీ దాని సంస్థలకూ ఇందులో మినహాయింపు ఉంది. అదే క్యాంపస్‌లో ఒక ప్రైవేటు కంపెనీ నడిపే కాఫీ షాప్ అయితే వర్తిస్తాయి. పేచెక్ ఎవరి పేరు మీద వస్తుందో చూసుకోండి. యూనియన్ ఒప్పందం ఉన్న కొన్ని పనుల్లో, సినిమా రంగంలో లెక్కలు వేరు. వాటి జోలికి నేను పోవడం లేదు.

రెండో పని: మీకు రావాల్సిన బ్రేకులు లెక్కపెట్టండి

భోజనం బ్రేక్ వేరు, విశ్రాంతి బ్రేక్ వేరు. రెండూ కలిపేస్తేనే గందరగోళం.

భోజనం సంగతి లేబర్ కోడ్ సెక్షన్ 512లో ఉంది. రోజుకి ఐదు గంటలు దాటి పని చేయిస్తే కనీసం 30 నిమిషాల భోజన విరామం ఇవ్వాలి. ఈ విరామానికి జీతం ఇవ్వనక్కర్లేదు. ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా చట్టంలో ఉంది, చాలామందికి తెలియనిది ఇదే. ఐదో గంట ముగిసేలోపు మొదలవ్వాలి. ఉదయం 10కి ఎక్కితే 3 దాటకముందే తినడానికి వెళ్ళాలి. "రష్ తగ్గాక నాలుగింటికి తిందువులే" అంటే అప్పటికే తప్పు జరిగిపోయినట్టు. పది గంటలు దాటి పని ఉంటే రెండో భోజన విరామం కూడా ఉంటుంది, అది పదో గంట ముగిసేలోపు. దీపావళి వారంలో పన్నెండు గంటలు నిలబడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మొత్తం షిఫ్ట్ ఆరు గంటలకు మించకపోతే, ఇద్దరూ ఒప్పుకుని భోజన విరామం వదిలేసుకోవచ్చు. ఆరు దాటితే మొదటి విరామం వదులుకోవడం కుదరదు. రెండోది వదులుకోవాలంటే మొత్తం పని పన్నెండు గంటలు మించకూడదు, మొదటిది తీసుకుని ఉండాలి.

ఐదు గంటలకు అరగంట అనే ఈ లెక్క మనకి కొత్తదేం కాదు. ఇండియాలో 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 55లో రాసింది కూడా సరిగ్గా ఇదే. మా నాన్న స్పిన్నింగ్ మిల్లులో సైరన్ మోగితే మెషీన్ దగ్గర ఒక్కరు ఉండేవారు కాదు. అమెరికా వచ్చి నేను బస్తాల పక్కన నిలబడి తిన్నాను.

ఇక విశ్రాంతి బ్రేక్. ప్రతి నాలుగు గంటలకు, లేదా అందులో సగం దాటిన భాగానికి, పది నిమిషాలు. దీనికి జీతం కట్ చెయ్యకూడదు, క్లాక్ అవుట్ కొట్టించకూడదు. రోజు మొత్తం పని మూడున్నర గంటలకు తక్కువైతే ఏమీ రాదు. మూడున్నర నుంచి ఆరు గంటల వరకు ఒకటి, ఆరు దాటి పది వరకు రెండు, పది దాటి పద్నాలుగు వరకు మూడు. వీలైనంత వరకు పని మధ్యలో పడేలా ఇవ్వాలి. మామూలు ఎనిమిది గంటల షిఫ్ట్‌లో భోజనానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి.

"నీ రెండు పది నిమిషాలూ లంచ్‌కి కలిపేశాను కదా, యాభై నిమిషాలు తిను" అనేవాళ్ళున్నారు. "పది నిమిషాలు ముందు వెళ్ళిపో, లెక్క సరిపోయింది" అనేవాళ్ళూ ఉన్నారు. మామూలుగా రెండూ చెల్లవు. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చిన టైముని బ్రేక్ కింద రాయడం కూడా కుదరదు. నీళ్ళు తాగడానికో బాత్రూమ్‌కో వెళ్ళడం మనిషి అవసరం, పది నిమిషాల విశ్రాంతి దానికి అదనం.

మూడో పని: మీరు తీసుకుంటున్నది నిజంగా బ్రేకేనా అని చూసుకోండి

కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 2012లో బ్రింకర్ కేసులో దీన్ని తేల్చి చెప్పింది. భోజన విరామమంటే ఓనరు మిమ్మల్ని అన్ని పనుల నుంచీ వదిలెయ్యాలి, ఆ అరగంట మీద తన అజమాయిషీ ఉండకూడదు, మధ్యలో ఆటంకం లేకుండా తీసుకునే వీలు కల్పించాలి, తీసుకోకుండా నిరుత్సాహపరచకూడదు. మీరు బయటికి పోయి కారులో పడుకున్నా, ఇండియాకి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడినా వాళ్ళకి సంబంధం లేదు.

అయితే అదే తీర్పులో మన మొహమాటానికి గట్టి దెబ్బ ఒకటి ఉంది. ఓనరు విరామం సరిగ్గానే ఇచ్చి, మీ అంతట మీరే "పర్లేదులే అన్నా, కస్టమర్ ఉన్నారు కదా" అని లేచి వెళ్ళి పనిచేస్తే, అదనపు గంట జీతం రాదు. ఆ పని చేసిన సమయానికి మామూలు జీతం వస్తుంది, అది కూడా మీరు పనిచేస్తున్న సంగతి ఓనరుకి తెలిసి ఉంటేనే, లేదా తెలిసి ఉండాల్సిందే అయితేనే. కౌంటర్ దగ్గర ఇంకెవరూ లేనప్పుడు బెల్ మోగితే నేనే వెళ్ళాలి, అది నా ఇష్టంతో వెళ్ళడం కాదు. కానీ పక్కన ఇంకో అమ్మాయి ఉన్నా మంచితనం కొద్దీ లేచి వెళ్ళిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ రోజులకి నేనేమీ అడగలేను.

విశ్రాంతి బ్రేక్‌లో కూడా "వాకీటాకీ దగ్గర పెట్టుకో, పిలిస్తే రా" అనకూడదు. 2016లో సెక్యూరిటీ గార్డుల కేసులో అదే కోర్టు, పిలుపు కోసం సిద్ధంగా ఉండటం విశ్రాంతి కాదని చెప్పింది. వాట్సాప్ గ్రూపులో "ఆ ఆర్డర్ ఎక్కడ పెట్టావ్?" అని వచ్చే మెసేజ్‌కి జవాబు ఇవ్వాల్సిందే అనే షాపుల్లో కూడా ఇదే వాదన పనికొస్తుంది.

మరి 28 నిమిషాలకే వెనక్కి పిలిచారనుకోండి? అది 30 కాదు. కంప్యూటర్‌లో 30కి రౌండ్ చేసి చూపించడం భోజన విరామాల విషయంలో చెల్లదని 2021లో తీర్పు వచ్చింది. టైమ్ కార్డులో విరామం లేనట్టు, ఆలస్యమైనట్టు, తక్కువైనట్టు కనిపిస్తే తప్పు జరిగిందనే కోర్టు ముందు అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది యజమానే.

రెస్టారెంట్ వంటగదుల్లో పనిచేసేవాళ్ళకి ఇంకో హక్కు ఉంది, దాన్ని వాడుకోవడం నేనెక్కడా చూడలేదు. 2024 జులై 23 నుంచి లోపలి వేడి మీద రూల్ అమల్లో ఉంది. పనిచేసే గది 82 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో దాదాపు 28 డిగ్రీలకి చేరితే, చల్లబడే చోటు చూపించాలి, తాగడానికి నీళ్ళుండాలి. ఒళ్ళు వేడెక్కుతోందని అనిపించిన ప్రతిసారీ కనీసం ఐదు నిమిషాలు అక్కడ కూర్చోవచ్చు. తందూరీ భట్టీ పక్కన 82 దాటడానికి ఎంతసేపు పడుతుంది? ఈ కూల్ డౌన్ విరామం కూడా పనిగంటల్లోనే లెక్క. బయట ఎండలో పనిచేసేవాళ్ళకి ఇలాంటి రూల్ అంతకుముందు నుంచే ఉంది.

పాలిచ్చే తల్లులకి పాలు తీసుకోవడానికి సమయం, బాత్రూమ్ కాని ఒక గది ఇవ్వాలి. ఇవ్వకపోతే విశ్రాంతి బ్రేక్ ఇవ్వనట్టే లెక్కగట్టి గంట జీతం అడగొచ్చు. క్యాషియర్‌కి కుర్చీ సంగతి కూడా ఇదే వరసలో చెప్పాలి. ఆ పని కూర్చుని చెయ్యగలిగిందే అయితే కుర్చీ వెయ్యాలని వేజ్ ఆర్డర్లలో, అంటే ఒక్కో రకం పనికి రాష్ట్రం పెట్టిన రూల్స్‌లో, ఉంది. మన ఊళ్ళలో బట్టల షాపుల్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడే ఆడపిల్లల్ని చూసిన కళ్ళకి ఇది చదివితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నాలుగో పని: మీరేం సంతకం పెట్టారో వెతకండి

ఉద్యోగంలో చేరిన రోజు ఓ కట్ట కాగితాలిస్తారు. నేను చదవకుండానే అన్నిటి మీదా సంతకం పెట్టాను. వాటిలో రెండు రకాల కాగితాలు చూసుకోవాలి.

ఒకటి, ఆన్ డ్యూటీ మీల్ ఒప్పందం. అంటే పనిచేస్తూనే తినడానికి ఒప్పుకోవడం. పని స్వభావమే మనిషిని వదలనివ్వనిదై ఉండాలి, ఒప్పందం రాతలో ఉండాలి, ఎప్పుడైనా రాసిచ్చి రద్దు చేసుకోవచ్చని అందులోనే ఉండాలి, ఆ అరగంటకి జీతం ఇవ్వాలి. రాత్రిపూట ఒక్కడే ఉండే గార్డు లాంటి పనులకు ఉద్దేశించింది ఇది. ఇంకో మనిషిని పెట్టుకుంటే సరిపోయే గ్రోసరీ కౌంటర్‌కి ఇది ఎలా కుదురుతుందో నాకైతే అర్థం కాదు. అరగంట జీతం కట్ చేస్తూ ఈ కాగితం చూపిస్తే అసలే చెల్లదు.

రెండోది, మీల్ వేవర్, అంటే భోజన విరామం వదులుకుంటున్నానని రాసివ్వడం. మీ షిఫ్టులు ఆరు గంటలు దాటుతుంటే మొదటి విరామాన్ని వదులుకున్నట్టు రాసిన కాగితానికి విలువ లేదు. ఆసుపత్రులు, నర్సింగ్ హోముల్లో పనిచేసేవాళ్ళకి మాత్రం ఒక ప్రత్యేక వెసులుబాటు ఉంది. ఎనిమిది గంటలు దాటిన షిఫ్ట్‌లో రెండు విరామాల్లో ఒకటి ఇష్టపూర్వకంగా రాసిచ్చి వదులుకోవచ్చు. వద్దనుకుంటే ఒక రోజు ముందు రాసిచ్చి రద్దు చేసుకోవచ్చు.

ఐదో పని: రాసిపెట్టుకోండి

నేను నష్టపోయింది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

మా షాపులో కంప్యూటరే రోజూ 1:30 నుంచి 2:00 వరకు లంచ్ అని తనంతట తను కట్ చేసేది. అంటే రికార్డు చూస్తే అంతా పద్ధతి ప్రకారం ఉన్నట్టే. నేను తిన్నానో లేదో చెప్పే కాగితం నా దగ్గర తొమ్మిది నెలలకి ఒక్కటి లేదు. చివరి రెండు నెలలే రాసుకున్నాను, చివరికి నా మాట గట్టిగా నిలబడింది కూడా ఆ రెండు నెలలకే.

కాబట్టి ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. చిన్న నోట్‌బుక్ చాలు, ఫోన్ అయినా పర్లేదు, కానీ షాపు ఇచ్చిన ఫోన్‌లో వద్దు. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము, భోజనం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయింది, మధ్యలో ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు, పది నిమిషాల బ్రేకులు వచ్చాయా. "ఈ రోజూ లంచ్ లేదు" అని రాస్తే బలం లేదు. "1:40కి డబ్బా తెరిచాను, 1:47కి అన్న పిలిచాడు, కూరగాయల ట్రక్ వచ్చింది, మళ్ళీ కూర్చోలేదు" అని రాస్తే నమ్మబుద్ధి అవుతుంది. అదే రోజు రాయండి. వారం చివర కూర్చుని గుర్తు చేసుకుని రాసింది చూడగానే తెలిసిపోతుంది.

భోజన విరామాల టైములు నమోదు చెయ్యడం యజమాని బాధ్యత. పది నిమిషాల బ్రేకులు నమోదు చెయ్యాలని రూల్ లేదు, అందుకని వాటికి మీ నోట్‌బుక్ ఇంకా ముఖ్యం. వాట్సాప్ మెసేజ్‌లు, షిఫ్ట్ షెడ్యూల్ ఫోటోలు, పేస్టబ్‌లు అన్నీ ఒకచోట పెట్టుకోండి. షాపు గ్రూపులోంచి మిమ్మల్ని తీసేస్తే ఆ మెసేజ్‌లు మళ్ళీ దొరక్కపోవచ్చు.

పాత పేస్టబ్‌లు లేవా? పే రికార్డుల కాపీ కావాలని రాసి అడగండి. యజమాని వాటిని మూడేళ్ళు దాచాలి, అడిగిన 21 రోజుల్లోపు ఇవ్వాలి. ఇవ్వకపోతే 750 డాలర్లు మీకు కట్టాల్సి వస్తుంది. ఉద్యోగం మానేసినవాళ్ళు కూడా అడగొచ్చు.

ఆరో పని: అడగండి, కానీ రాతలో

చాలా చిన్న షాపుల్లో ఓనర్లకే ఈ చట్టం సరిగ్గా తెలియదు. తెలిసి ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఏ రకమో అడిగితేనే తేలుతుంది.

ముందు నోటితో అడగడం మర్యాద. ఆ తర్వాత అదే విషయం టెక్స్ట్ పెట్టండి. నేను పెట్టింది ఇంచుమించు ఇలా ఉంటుంది, మీరు ఇంగ్లిష్‌లో పెట్టండి: "అన్నా, పొద్దున మాట్లాడుకున్న విషయమే. పది నుంచి ఆరున్నర షిఫ్ట్‌లో మధ్యాహ్నం మూడింటిలోపు అరగంట లంచ్, దానికి ముందూ తర్వాతా పది నిమిషాల బ్రేక్ కావాలి. ఆ టైములో కౌంటర్ ఎవరు చూస్తారో చెప్తే నేను దాని ప్రకారం వెళ్తాను. గత రెండు వారాల్లో ఏడు రోజులు లంచ్ మధ్యలో లేవాల్సి వచ్చింది, ఆ అరగంటలు పేస్టబ్‌లో కట్ అయ్యాయి. ఒకసారి చూడండి."

తిట్లు లేవు, బెదిరింపు లేదు. రేపు ఎవరికైనా చూపించాల్సి వస్తే ఎప్పుడు అడిగామో, ఏం అడిగామో తేదీతో సహా అందులో ఉంది. మా ఓనరు మూడు రోజులు మొహం మాడ్చుకున్నాడు. "మన వాళ్ళని పెట్టుకుంటే ఇదే" అని ఎవరితోనో అంటుంటే విన్నాను కూడా. నాలుగో రోజు నుంచి ఒంటిగంటన్నరకి వాళ్ళావిడ కౌంటర్‌లో కూర్చునేది. పాత డబ్బుల సంగతి మాత్రం ఎత్తలేదు.

ఏడో పని: రావాల్సింది లెక్కకట్టండి

సెక్షన్ 226.7 ప్రకారం, భోజన విరామం సరిగ్గా ఇవ్వని ప్రతి రోజుకీ ఒక గంట జీతం. విశ్రాంతి బ్రేక్ ఇవ్వని ప్రతి రోజుకీ ఇంకో గంట. ఒకే రోజు రెండు పది నిమిషాలూ పోయినా ఒక గంటే. అంటే రోజుకి ఎక్కువలో ఎక్కువ రెండు గంటలు. దీన్నే ప్రీమియం అంటారు. పేస్టబ్‌లో విడిగా కనిపించాలి.

దీనికి తోడు, జీతం కట్ చేసి పని చేయించుకున్న అరగంట ఉంది కదా, అది మామూలు బాకీ. చాలామంది ప్రీమియం ఒక్కటే అడిగి దీన్ని మర్చిపోతారు.

గంటకు 20 డాలర్ల జీతంతో వారానికి ఐదు రోజులు, 10 నుంచి 6:30 షిఫ్ట్ అనుకుందాం. నాలుగు రోజులు లంచ్ పోయింది, ఐదు రోజులూ పది నిమిషాల బ్రేకులు లేవు. లంచ్ ప్రీమియం నాలుగు గంటలు, 80 డాలర్లు. విశ్రాంతి ప్రీమియం ఐదు గంటలు, 100 డాలర్లు. నాలుగు రోజులు కట్ చేసిన అరగంటలు ఎనిమిది గంటల పైన పడ్డాయి కాబట్టి ఓవర్‌టైమ్, ఒకటిన్నర రేటు. అరగంటకి 15 చొప్పున 60 డాలర్లు. వారానికి మొత్తం 240. 46 వారాలకి 11,040 డాలర్లు. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నమ్మలేక మళ్ళీ వేశాను.

ఉద్యోగం మానేశాక కూడా ఇవి కావాలని కట్టకుండా ఉంటే, ఇంకో జరిమానా ఉంది. ఆలస్యమైన ఒక్కో రోజుకి ఒక రోజు జీతం, 30 రోజుల వరకు. పై లెక్కలో ఎనిమిది గంటల రోజుకి 160 చొప్పున 4,800 వరకు. ప్రీమియం కూడా జీతమే కాబట్టి దానికీ ఈ జరిమానా వర్తిస్తుందని 2022లో తీర్పు ఉంది. కాకపోతే యజమాని దగ్గర నిజాయితీగా వాదించదగ్గ కారణం ఉంటే ఇది పడదు. దీన్ని నమ్ముకుని ముందే ఖర్చు పెట్టుకోకండి.

ప్రీమియం అడగడానికి గడువు మూడేళ్ళు. ఒక్కో రోజూ గడిచేకొద్దీ వెనక నుంచి ఒక్కో రోజు రాలిపోతుంది.

ఎనిమిదో పని: ఇవ్వకపోతే లేబర్ కమిషనర్ దగ్గరికి

జీతం బాకీల ఫిర్యాదులు చూసే రాష్ట్ర ఆఫీసు ఇది. దీనికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. వేజ్ క్లెయిమ్ ఫారం నింపి ఆన్‌లైన్‌లోనో, పోస్టులోనో, ఆఫీసుకి వెళ్ళో ఇవ్వొచ్చు. మీరు పనిచేసిన చోటుని బట్టి ఆఫీసు ఉంటుంది. బే ఏరియాలో శాన్ హోసే, ఓక్లాండ్, శాన్ ఫ్రాన్సిస్కోలలో ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ధైర్యం చాలకపోతే తెలుగు దుభాషి కావాలని ఫారంలోనే రాయండి, ఖర్చు వాళ్ళదే. మా అత్తగారి వయసు ఆవిడ ఒకరు రెస్టారెంట్ వంట పని మీద ఇలాగే తెలుగులో తన మాట చెప్పుకున్నారు.

తర్వాత సాధారణంగా సెటిల్‌మెంట్ కాన్ఫరెన్స్‌కి ఇద్దరినీ పిలుస్తారు. రాజీ కుదరకపోతే హియరింగ్. దీనికి బర్మన్ హియరింగ్ అని పేరు. కోర్టు కాదు గానీ ప్రమాణం చేసి చెప్పాలి, సాక్షుల్ని తెచ్చుకోవచ్చు, కాగితాలు చూపించాలి. హియరింగ్ అయ్యాక 15 రోజుల్లో నిర్ణయం రావాలని చట్టం. అప్పీలుకి గడువు చాలా తక్కువ, నిర్ణయం అందాక పది రోజులు, పోస్టులో వస్తే ఇంకొన్ని రోజులు. యజమాని అప్పీలుకి వెళ్ళాలంటే ఆ డబ్బుకి బాండ్ కట్టాలి, అందుకే చాలామంది అంతదాకా పోరు.

అసలు బాధ ఆలస్యం. క్లెయిమ్ పెట్టిన నాటి నుంచి 135 రోజుల్లో తేలాలని చట్టం చెబుతోంది. 2024లో రాష్ట్ర ఆడిటర్ ఇచ్చిన నివేదికలో మాత్రం 2022-23 ఆర్థిక సంవత్సరం చివరికి 47,000 క్లెయిములు పేరుకుపోయాయని, చాలా కేసులు రెండేళ్ళు దాటుతున్నాయని ఉంది. నేను కాన్ఫరెన్స్‌లోనే రాజీ పడ్డాను. నోట్‌బుక్ ఉన్న రెండు నెలలకి పూర్తిగా, మిగతా తొమ్మిది నెలలకి సగం కన్నా తక్కువ. ఆగితే ఇంకా వచ్చేదేమో. రెండేళ్ళు ఆ టెన్షన్ మోసే ఓపిక నాకు లేదు. మీ లెక్క మీరు వేసుకోండి. పెద్ద మొత్తమైనా, మీతో పాటు ఇంకా పదిమంది ఉన్నా, ఫారం పెట్టే ముందు ఒక ఎంప్లాయ్‌మెంట్ లాయర్‌తో మాట్లాడండి. శాన్ ఫ్రాన్సిస్కోలోని లీగల్ ఎయిడ్ ఎట్ వర్క్ లాంటి సంస్థలు కార్మికులకి ఉచితంగా సలహా ఇస్తాయి.

ఉద్యోగం తీసేస్తే? వీసా సంగతేంటి?

అందరూ గొంతు తగ్గించి అడిగేది ఇదే. బ్రేక్ అడిగినందుకు ఉద్యోగం తీసెయ్యడం, గంటలు తగ్గించడం, కావాలని రాత్రి షిఫ్టులు వెయ్యడం, అన్నీ ప్రతీకారం కిందికే వస్తాయి. 2024 జనవరి 1 నుంచి మనకి ఒక మంచి మార్పు వచ్చింది. మీరు హక్కు అడిగిన 90 రోజుల్లోపు ఇలాంటిది జరిగితే, అది ప్రతీకారమేనని ముందే అనుకుంటారు. కాదని చెప్పుకోవాల్సిన భారం మొదట యజమాని మీద పడుతుంది. ఆ టెక్స్ట్ మెసేజ్ తేదీ ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలిసింది కదా. ప్రతీకారం మీద ఫిర్యాదుకి గడువు ఒక్క ఏడాదే.

రాష్ట్ర కార్మిక చట్టాలకి వీసా స్టేటస్‌తో పని లేదు. చేసిన పనికి జీతం, బ్రేకులు అందరికీ ఒకటే. "ఇమిగ్రేషన్ వాళ్ళకి ఫోన్ చేస్తా" అని బెదిరించడమే ఇక్కడ విడిగా ఒక నేరం లాంటిది, దానికి వేరే శిక్షలున్నాయి. కానీ రాష్ట్రం కాపాడేది జీతాన్నే, వీసా ఫెడరల్ వ్యవహారం. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి అనుమతి లేకుండా బయట పనిచేసినవాళ్ళు క్లెయిమ్ పెట్టే ముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. వాట్సాప్ గ్రూపులో అడిగి తేల్చుకునే విషయం కాదిది. ఈఏడీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఆ భయం అక్కర్లేదు.

కాలిఫోర్నియా బయట ఉంటే

ఫెడరల్ చట్టంలో పెద్దవాళ్ళకి భోజన విరామమనే హక్కే లేదు. ఇస్తే గిస్తే, 20 నిమిషాల వరకు ఉండే చిన్న బ్రేకులకి జీతం కట్ చెయ్యకూడదు. భోజనం కింద కట్ చేస్తే ఆ సమయంలో పని చేయించకూడదు. ఫెడరల్ చట్టం చెప్పేది అంతవరకే. టెక్సస్‌లో, జార్జియాలో భోజన విరామం మీద రాష్ట్రం దానికి కలిపింది ఏమీ లేదు. న్యూజెర్సీలో మైనర్లకే ఉంది.

వాషింగ్టన్‌లో పరిస్థితి మెరుగు. ఐదు గంటలు దాటితే అరగంట భోజనం, నాలుగు గంటలకి జీతంతో పది నిమిషాలు. ఇల్లినాయిస్‌లో ఏడున్నర గంటల షిఫ్ట్‌కి 20 నిమిషాలు, మొదటి ఐదు గంటల్లోపు. న్యూయార్క్‌లో ఆరు గంటలు దాటి, మధ్యాహ్నం భోజనం వేళ మీదుగా సాగే షిఫ్ట్‌కి అరగంట.

డల్లాస్‌లో గ్యాస్ స్టేషన్‌లో చేసే మా పిన్ని కొడుకు ఇదంతా విని "అక్కా, నాకైతే ఏం లేదన్నమాట" అన్నాడు. బ్రేక్ మీద లేదు నిజమే. కానీ వాడి పేస్టబ్‌లో కూడా రోజూ అరగంట కట్ అవుతోంది, ఆ అరగంటా వాడు కౌంటర్‌లోనే ఉంటున్నాడు. ఆ అరగంట జీతం టెక్సస్‌లో కూడా వాడిదే. ఆ రోజు నుంచి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు.